సత్యారావు ఆకుమడిలో ఆంబోతు

సత్యారావు తన ఇంట్లోకి తాను ఏనాడూ దగ్గకుండా అడుగుపెట్టలేదు. జలుబూ కాదు, ఆయాసమూ కాదు. వీధి గుమ్మం దగ్గర ఒకసారి, నడవ దాటేటప్పుడు ఇంకోసారి గొంతు సవరించుకుంటాడు. లోపలున్నవాళ్ళు విన్నారని రూఢి చేసుకున్నాకే కాళ్ళు కడుక్కుంటాడు. కూతురు కీర్తి చిన్నప్పుడు ఆ దగ్గును అచ్చంగా దగ్గి చూపించి వీధి పిల్లలందరినీ నవ్వించేది. ఆ పిల్లకి పెళ్ళయి అనకాపల్లి కాపురానికి వెళ్ళిపోయింది గాని, తండ్రి దగ్గు మాత్రం తగ్గలేదు.

ఆ దగ్గుకి ఇరవై ఏడేళ్ళు. సత్యారావుది రావికమతం దగ్గర ఒక చిన్న పల్లె. ఇద్దరు కొడుకులు, ఉన్నది కొద్దిపాటి భూమి. పెద్దవాడు గణపతిరావుని దగ్గరుంచుకుని, రెండోవాణ్ణి ఇరవయ్యో ఏట చోడవరానికి ఇల్లరికం పంపేశాడు తండ్రి. అత్తగారు నరసమ్మకి మగదిక్కు లేదు. ఒక్కగానొక్క కూతురు చిన్నమ్మి, నాలుగెకరాల చెరుకు, రెండెకరాల పల్లపు మడి, ఊరందరికీ వినపడే నోరూ ఉన్నాయి.

పెళ్ళయిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం సత్యారావు చెరుకు నాటి ఇంటికొచ్చాడు. కడుపు కాలిపోతోంది. వంటింట్లో ఎవరూ లేరు. ఉట్టి మీది పెరుగు కుండ దించుకుని, చోడి అంబలిలో కలుపుకుని కూర్చున్నాడు. కొత్తల్లుడు తన ఇంట్లో తను తింటున్నాననే అనుకున్నాడు పాపం. ఇంతలో నూతి దగ్గర నుంచి నరసమ్మ గొంతు, పక్కింటావిడతో:

"మా ఇంట్లో దూరేడమ్మా, అచ్చోసిన ఆంబోతు! అడగడం లేదు, పెట్టడం లేదు. కనపడిందల్లా మేసేయడమే."

అంబలి గిన్నె కింద పెట్టేశాడు. మళ్ళీ ఎత్తుకోలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ ఇంట్లో తన చేత్తో తాను మంచినీళ్ళయినా ముంచుకుని తాగలేదు. పెడితే తింటాడు, మరిచిపోతే పస్తుంటాడు. దగ్గి వస్తాడు, చెప్పి వెళ్తాడు. మాట మాత్రం ఇంట్లో ఆగలేదు. నూతి దగ్గర పుట్టిన మాట కదా, చేంతాడు కన్నా ముందు వీధిలోకి వెళ్ళింది. కొన్నేళ్ళ పాటు వెనకాల అతని పేరే అది, నరసమ్మ గారి ఆంబోతు. తర్వాత అన్నవాళ్ళు మరిచిపోయారు. అనిపించుకున్నవాడు మరిచిపోలేదు.

ఆ మాటకి అర్థం అతనికి బాగా తెలుసు. పిలవకుండా వచ్చేవాడు, చెమటోడ్చకుండా తినేవాడు, పొమ్మన్నా పోనివాడు. అందుకే ఇరవై ఏడేళ్ళుగా అందరికన్నా ముందు లేచి, అందరికన్నా ఎక్కువ చాకిరీ చేసి, అందరికన్నా తక్కువ తిన్నాడు. అసలా మాట ఎక్కడిది, అచ్చు వేయడమేమిటి, ఎవరు వేస్తారు, ఎందుకు వేస్తారు అని ఒక్కసారి కూడా అనుకోలేదు. తగిలిన దెబ్బని తడుముకుంటాం గాని, కర్ర ఏ చెట్టుదో చూస్తామా!

మాట అలా ఉండగా, నిజం ఆంబోతు కూడా ఒకటి చోడవరంలో తిరిగేది. బూడిద రంగుది, మూపురం ఒక పక్కకి ఒరిగిపోయి, ఎడమ కొమ్ము కొస విరిగిపోయి ఉండేది. బస్టాండులో అరటి తొక్కలు తినేది. సంతలో కూరగాయల గంపల ముందు ఊరికే నిలబడేది. ఎవరో ఒకరు ముదిరిన బెండకాయలు పడేసేవారు. తుడుచుకోవడం ఎరగని ఒంటి మీద ఏళ్ళ తరబడి బురద పొరలు కట్టేసి ఉండేది. పెద్దవాళ్ళు దాన్ని కొట్టేవారు కారు. "ఎల్లు బాబూ, ఎల్లు" అని చేత్తో తట్టి పంపించేవారు. సత్యారావు మాత్రం అది కనిపిస్తే రాయి తీసేవాడు. ఎందుకంత కోపమని అడిగితే చెప్పలేడు. చెప్పాలంటే, తనని ఏ మాటతో పిలిచారో ఆ మాట నాలుగు కాళ్ళ మీద నడిచి ఊరంతా తిరుగుతోందని చెప్పాలి.

తొంభై ఏడో సంవత్సరం ఆషాఢమాసంలో వానలు వెనకపట్టాయి. సత్యారావు నూతి నీళ్ళు తోడి పోసి, వరి నారుకని వేసిన ఆకుమడిని పెంచాడు. ఆ ఆకే మడి మొత్తానికీ ఆధారం. చివరికి వాన పడింది. ఇంకో నాలుగు రోజుల్లో నారు తీసి ఊడ్పులు మొదలెట్టాలి. కూలీలకి మాట కూడా ఇచ్చాడు. తెల్లారి వెళ్ళేసరికి ఆకుమడి మధ్యలో ఆంబోతు నిలబడి ఉంది. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా కొరికేసింది. కొరకని చోట తొక్కేసింది. సత్యారావుని చూసి చెవులు కదిపింది గాని, కాళ్ళు కదపలేదు.

ఏం చేశాడో అతనికే సరిగ్గా గుర్తులేదు. చేతికి కావిడి బద్ద దొరికింది. అది రెండు ముక్కలయ్యేదాకా కొట్టాడు. పక్క మడుల వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఒక ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు.

"దాని మీద అచ్చుంది బాబూ. కొట్టకూడదు."

"అచ్చుంటే? నా మడి దానబ్బ సొమ్మా?"

నలుగుర్ని పోగేసి, మెడకి పలుపు వేయించి, కుంటుతున్న ఆంబోతుని ఊరి మధ్య నుంచి ఈడ్చుకెళ్ళి బందెలదొడ్డిలో పెట్టించాడు. పరాయి చేలో పడ్డ పశువుల్ని కట్టేసే ఆ దొడ్డి చాలా కాలంగా ఖాళీగానే ఉంది. కాపలా మనిషి దాసు అందులో తన మేకల్ని కట్టుకుంటున్నాడు. పాపం, మేకల్ని తీసి ఆంబోతుకి చోటిచ్చాడు. పంచాయితీ గుమస్తా ఉదయ్‌కుమార్ అనే కుర్రాడు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, ఫిర్యాదు రాసుకున్నాడు. మిగతా రైతుల చేలలోనూ అది పడుతూనే ఉంటుంది గాని, కాగితం మీద సంతకం పెట్టింది సత్యారావు ఒక్కడే. సొంతదారుడెవరైనా ఉంటే వారంలోగా వచ్చి, జరిగిన నష్టం కట్టి విడిపించుకోవాలి, లేకపోతే వేలం వేస్తామని నోటీసు అంటించారు. దున్నడానికీ బండికీ పనికిరాని ముసలి ఆంబోతుని వేలంలో ఎవరు కొంటారో, లారీ ఎక్కించి ఎక్కడికి పంపిస్తారో చెప్పుకోవలసిన పనిలేదు. సత్యారావుకీ తెలుసు. తెలిసే సంతకం పెట్టాడు.

అయిదో రోజు దాసు కబురు పంపాడు. ఆంబోతు కాలికి గాయమైందని, అది రికార్డులో రాయాలట, ఫిర్యాదుదారు వచ్చి చూసి వెళ్ళాలట. విసుక్కుంటూనే వెళ్ళాడు సత్యారావు.

దొడ్డిలో గౌసు సాయిబు ఉన్నాడు. నలభై ఏళ్ళ కిందట అనకాపల్లి నుంచి వచ్చి, మాడుగుల రోడ్డు మీద పాక వేసుకుని, చెరుకు బళ్ళ ఎడ్లకి నాడాలు కొట్టిన మనిషి. ట్రాక్టర్లు వచ్చాక పని సగానికి సగం పడిపోయింది. ఇన్నేళ్ళున్నా ఊళ్ళో అతన్ని అనకాపల్లి సాయిబు అనే అంటారు. దాసు బతిమాలితే కూలి అడక్కుండా వచ్చి, ఆంబోతు గిట్ట ఎత్తి పట్టుకుని పసుపూ వేపనూనే పట్టిస్తున్నాడు. సత్యారావుని చూసి పలకరించలేదు. గిట్ట పని అయ్యాక చేతులు కడుక్కుని అప్పుడన్నాడు.

"బాబూ, ఓ మాటడుగుతాను, కోపం తెచ్చుకోకు. దీన్ని కొట్టడానికి నీకు సెయ్యెలా వచ్చింది?"

"మొత్తం ఆకుమడి తినేస్తే కొట్టనా? అందరూ ఇదే మాట. దానబ్బ సొమ్మా నా మడి?"

గౌసు సాయిబు అతని ముఖంలోకి చూశాడు.

"దానబ్బ సంగతి నాకు తెల్దు బాబూ. నీ అబ్బ పేరున వదిలేరు దీన్ని. నీకు తెలుసుననుకున్నాను. ఇన్నేళ్ళూ తెలిసే రాళ్ళేస్తన్నావనుకున్నాను."

సత్యారావుకి ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. సాయిబు బాల్చీతో నీళ్ళు తెచ్చి ఆంబోతు కుడి తొడ మీద పోసి గడ్డితో తోమడం మొదలెట్టాడు. మొదట మట్టి రంగు నీళ్ళు కారాయి. మళ్ళీ పోశాడు. ఏళ్ళ బురద పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. అడుగున వెంట్రుక మొలవని మచ్చ ఒకటి నల్లగా బయటపడింది. త్రిశూలం. ఏ ఆంబోతుకైనా వేసేదే. దాని కింద అర్ధచంద్రుడు, చంద్రుడి కింద పక్కపక్కనే రెండు చుక్కలు.

ఆ చంద్రుణ్ణీ ఆ చుక్కల్నీ సత్యారావు నిద్దట్లో కూడా గుర్తుపడతాడు. అది తండ్రి బెల్లం గుర్తు. వాళ్ళ పల్లెలో ప్రతి రైతుకీ ఒక గుర్తుండేది. బెల్లం దిమ్మ పూర్తిగా ఆరకముందే చెక్క అచ్చుతో దాని మీద అద్దేవారు, అనకాపల్లి మార్కెట్లో ఒకరి దిమ్మలు ఒకరివాటితో కలిసిపోకుండా. చిన్నప్పుడు ఆ అచ్చు అద్దే పని సత్యారావుదే. వంకరగా పడితే తండ్రి నెత్తి మీద మొట్టేవాడు, సరిగ్గా పడితే వేడివేడి బెల్లం ముద్ద చేతిలో పెట్టేవాడు. ఆ రెండు చుక్కలేమిటయ్యా అని అడిగితే, "ఒకటి మీ అన్న, ఒకటి నువ్వు" అనేవాడు.

సత్యారావు దొడ్డి గోడకి చేరబడ్డాడు.

"ఆ అచ్చేసిన కర్రు నేనే కాల్చేను బాబూ" అన్నాడు గౌసు సాయిబు. "మీ అన్న వచ్చి, శూలం ఒక్కటే కాదు, మా అయ్య గుర్తు కూడా రావాలన్నాడు. బెల్లం అచ్చు తెచ్చి సూపించేడు. అలాగే ఇనుము వొంచేను. మీ అయ్య పోయిన పదకొండో రోజున మీ పల్లెకి నన్నే తీసికెల్లేరు, దూడకి అచ్చెయ్యడానికి. కాల్చడం పాపమని మీవోళ్ళెవరూ ముట్టుకోరు కదా, ఆ పాపమేదో సాయిబుకి ఇచ్చేస్తారు." నవ్వాడు. నవ్వులో ఎత్తిపొడుపేమీ లేదు.

పన్నెండేళ్ళ కిందట తండ్రి పోయినప్పుడు సత్యారావు వెళ్ళకపోలేదు. పాడె మోశాడు. మూడో రోజున గుండు చేయించుకుందామని అన్న పక్కన కూర్చుంటే, చుట్టాల్లో పెద్దాయన ఒకడు, "ఇల్లరికం ఎల్లినోడివి నీకు గుండేటిరా, నువ్విప్పుడు ఆ ఇంటోడివి" అన్నాడు. గణపతిరావు తల వంచుకుని మంగలి కత్తి కింద కూర్చున్నాడు, అవుననలేదు, కాదనలేదు. తలనిండా జుట్టుతో సత్యారావు ఆ మధ్యాహ్నం బస్సుకే చోడవరం వచ్చేశాడు. పదకొండో రోజుకి వెళ్ళలేదు. ఆ తర్వాత మరి వెళ్ళనే లేదు. ఇక్కడ దూరినవాడు, అక్కడ బయటివాడు. ఈ భూమ్మీద దగ్గకుండా వెళ్ళే గుమ్మం తనకొక్కటీ లేదని ఆ రోజు బస్సులో కూర్చుని గట్టిగా అనుకున్నాడు.

"పదకొండో రోజున ఏటయ్యింది సాయిబూ?" అని అడిగాడు.

"ఏటవుతాది, దూడకి పసుపు రాసేరు, దండేసేరు. ఎవరి పేరున వదలతన్నారు, కొడుకులెవరు అని జంగందేవర అడిగేడు. గణపతిరావు, సత్యారావు అని సెప్పేడు మీ అన్న. రెండోవోడేడీ అన్నాడు దేవర. మీ అన్న ఏడిసేసేడు బాబూ. 'సోడవరంలో ఉన్నాడు. దీన్ని ఆ రోడ్డెంట తోలండి' అన్నాడు. అటే తోలేం. ఆ రోజుకి నువ్వు ఆ ఇంటి రెండో కొడుకువని నాకు తెల్దు. తరవాతెప్పుడో తెలిసింది. వచ్చింది కదా, సూసుకునుంటావు అనుకున్నాను."

ఆంబోతు నీళ్ళ బాల్చీలో మూతి పెట్టి చప్పుడు చేస్తూ తాగింది. సత్యారావు దాని తొడ మీద చెయ్యి వేయబోయాడు. తను కొట్టిన వాతలు ఆ అచ్చు పక్కనే పచ్చిగా ఉన్నాయి. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇప్పుడే ఎల్లి నాదని సెప్పి విడిపించేస్తాను" అన్నాడు.

గౌసు సాయిబు తల అడ్డంగా ఊపాడు. "మీ శాస్త్రం నాకేటి తెలుసు గాని బాబూ, ఆ రోజు దేవర సెప్పింది మాత్రం నా సెవుల్తో విన్నాను. ఈ రోజు నుంచి ఇది ఎవరిదీ కాదన్నాడు. నువ్వెల్లి నాదంటే, అది మల్లీ మామూలు గొడ్డే కదా. మీ అయ్య పేరున వదిలింది ఎనక్కి తీసేసుకున్నట్టే కదా."

చిక్కంతా అక్కడే ఉంది. నాది అంటే తండ్రికి ఇచ్చింది లాక్కున్నట్టు. నాది కాదంటే వేలం. ఎల్లుండి పొద్దున్నే వేలం.

ఇంటికొచ్చాడు. అలవాటుగా దగ్గాడు. నడవలో నులకమంచం మీద నరసమ్మ కూర్చుని ఉంది. డెబ్భై అయిదు దాటాయి. కళ్ళు మసకబారాయి గాని నోటికి మసక రాలేదు. సత్యారావు ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. ఇరవై ఏడేళ్ళలో అలా కూర్చోవడం అదే మొదలు.

"అత్తా, అచ్చోసిన ఆంబోతంటే ఏటి?"

ముసలామె ఉలిక్కిపడింది. ఆ మాట ఎక్కడి నుంచి వస్తోందో ఆమెకి తెలియకపోలేదు. అటూ ఇటూ చూసింది, కూతురు దగ్గరలో ఉందేమోనని. చిన్నమ్మి పెరట్లో ఉంది.

"ఇప్పుడెందుకు బాబూ అయ్యన్నీ."

"తిట్టు సంగతి కాదు. నీ సిన్నప్పుడు నిజం ఆంబోతుని సూసేవా?"

"సూడకేటి!" నరసమ్మ గొంతు మారింది. "మా కన్నోరి ఊళ్ళో ఉండేది. ఎవురో పెద్ద రైతు పోతే వదిలేరు. పొద్దున్నే వీధిలోకొస్తే మాయమ్మ సేటలో తవుడు పోసి, ఉప్పేసి, గుమ్మంలో పెట్టేది. పసుపు రాసేది. దానికి ఇల్లంటూ ఉండదు బాబూ, అన్నిళ్ళూ దానివే. ఎవరింటికొచ్చినా పొమ్మనకూడదు. ఊళ్ళో ఆవులకన్నిటికీ అదే మొగుడు, దూడలన్నిటికీ అదే తండ్రి. సచ్చిపోయినోడు ఆ రూపంలో ఇల్లిల్లూ సూసి పోతన్నాడనేవోరు."

"మరి అంత గొప్పది తిట్టెలాగయ్యింది?"

ఆమె నులకమంచం తాడు వేలితో లాగుతూ కూర్చుంది.

"ఓ ఏడు కరువొచ్చింది. గంజికి నూకల్లేవు. అది మామూలుగానే వచ్చి గుమ్మంలో నిలబడింది. పెట్టడానికి లేదు, తోలడానికి ఈల్లేదు. ఏటి సేస్తాది మాయమ్మ? తిట్టింది. ఏడుసుకుంటా తిట్టింది. 'అచ్చోసిన ఆంబోతా, ఇక్కడే దొరికేమా నీకు' అని. ఊళ్ళో అందరూ అలాగే తిట్టేరు. కొట్టలేని దాన్ని తిట్టడమేగా మిగిలింది. కరువు పోయింది గాని, తిట్టుండిపోయింది."

ఎవరు ఎప్పుడు ఆ మాటని మొదట తిట్టు చేశారో నరసమ్మకీ తెలియదు, మనకీ తెలియదు. ఆమెకి తెలిసిన కథ అది. సత్యారావుకి అదే చాలింది. మరొకటి అడగాలి, అది గొంతులో ఇరవై ఏడేళ్ళుగా అడ్డం పడి ఉంది. దగ్గితే పోయే రకం కాదు.

"నన్నెందుకన్నావత్తా?"

నరసమ్మ మసక కళ్ళతో అతని వైపు తిరిగింది.

"నీకు ఇంకా గుర్తుందా బాబూ? ఉండదేటి. నాకూ ఉంది. నాకో కొడుకుండేవోడు. సిన్నమ్మికన్నా పెద్దోడు. పదేళ్ళప్పుడు పోయేడు. ఆడూ అలాగే, నన్నడక్కుండా ఉట్టి దించేసేవోడు. ఆ రోజు నువ్వు దించితే నా ఒళ్ళు మండిపోయింది. ఆడి సోట్లో నువ్వు కూకున్నావనిపించింది. పొమ్మందామంటే నేనే తెచ్చుకున్నాను. తోలలేక తిట్టేను బాబూ. తప్పే. సెప్పుకోడానికి నోరు రాలేదు. తిట్టడానికొచ్చినంత సులువుగా రాదు కదా!"

సత్యారావు కోపం తెచ్చుకుందామని చూశాడు, దొరకలేదు. ఇన్నేళ్ళూ ఆమె తన తిండిని లెక్కపెడుతోందనుకున్నాడు. ఆమె చూసింది తన తిండిని కాదు. లేని కొడుకుని చూసింది. ఈ సంగతి ఆ రోజే చెప్పి ఉంటే ఎన్ని దగ్గులు మిగిలేవో! కళ్ళు తుడుచుకుని లేచి, ఆమె పాదాల దగ్గర జారిన దుప్పటి సరిచేశాడు. అదే అతను అనగలిగిన మాట.

వేలం రోజు పొద్దున్న బందెలదొడ్డి ముందు జనం బాగానే చేరారు. చీడికాడ వైపు నుంచి ఇద్దరు బేరగాళ్ళు వచ్చి ఆంబోతు పళ్ళు చూస్తున్నారు. రోడ్డు పక్కన లారీ ఆగి ఉంది. ఉదయ్‌కుమార్ కుర్చీ వేసుకుని కాగితాలు సర్దుకుంటున్నాడు. సత్యారావు తిన్నగా వెళ్ళి అతని ముందు నిలబడ్డాడు. గౌసు సాయిబు ఒక పక్కగా చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"బాబూ, ఆ ఫిర్యాదు నేను ఎనక్కి తీసేసుకుంటన్నాను."

"ఇప్పుడా? వేలం టైముకా?" ఉదయ్‌కుమార్ చిరాకుపడ్డాడు. "ఏటండీ, ఇది మీదేనా?"

"నాది కాదు. ఎవరిదీ కాదు."

"మరైతే? మీ ఆకుమడిలో పడి మొత్తం తినేసిందని రాసిచ్చేరు. సంతకం పెట్టేరు. పరాయి చేలో పడితేనే కదండీ దొడ్లో పెట్టేది. పడిందా, లేదా?"

జనం దగ్గరికి జరిగారు. అందులో తన ఈడు వాళ్ళున్నారు. ఒకప్పుడు తనని ఆ పేరుతో పిలిచినవాళ్ళూ ఉన్నారు. సత్యారావుకి గొంతు దాకా దగ్గొచ్చింది. మింగేశాడు.

"పడలేదు" అన్నాడు. "నేనే పెట్టేను."

"ఏటి పెట్టేరు?"

"ఆకుమడి. తినమని నేనే పెట్టేను. అది దానంతటది రాలేదు. నా మడిలోకి పరాయిదేదీ సొరబడలేదు."

ఎవరో పకపకా నవ్వారు. "ఓహో, ఆంబోతుకి ఆంబోతు సాక్ష్యమేటి!" అన్నాడు ఒక పాత స్నేహితుడు. ఆశ్చర్యం, ఆ మాట సత్యారావుకి గుచ్చుకోలేదు. అటు తిరిగి, "అవున్రా, అదే" అన్నాడు. అన్నవాడే తెల్లబోయాడు.

అబద్ధపు ఫిర్యాదు ఇచ్చినట్టవుతుందని, అది కూడా రాసివ్వాలని, పై అధికారులు అడిగితే జవాబు చెప్పుకోవాలని ఉదయ్‌కుమార్ గట్టిగానే చెప్పాడు. సత్యారావు అన్నిటికీ తలూపి సంతకం పెట్టాడు. బేరగాళ్ళు తిట్టుకుంటూ లారీ ఎక్కారు. దాసు తడిక తీసి, మెడ పలుపు విప్పేశాడు. ఆంబోతు వెంటనే కదల్లేదు. కాసేపు నిలబడి, కుంటుకుంటూ బయటికొచ్చి, సత్యారావు పక్కనుంచే, అతన్ని పట్టించుకోకుండా, బస్టాండు వైపు వెళ్ళిపోయింది. గౌసు సాయిబు దాని నడక చూసి, "కాలు కూడుకుంటాది" అన్నాడు.

సత్యారావు కూడా బస్టాండు వైపే నడిచాడు. వాన కుదురుగా పడుతోంది. ఊరంతా ఊడ్పుల్లో ఉంది. అతనికి మడి ఉంది, ఆకు లేదు. ఆకు కావాలంటే ఎవరి గుమ్మంలోనైనా నిలబడి అడగాలి. ఏ గుమ్మమో దొడ్డిలోనే నిర్ణయమైపోయింది. రావికమతం బస్సెక్కాడు.

పల్లె మారింది. వీధి చివర టెలిఫోను బూతు ఒకటి వచ్చింది. అన్న ఇంటికి పెంకుల బదులు శ్లాబు పడింది. గుమ్మం మాత్రం పాతదే. దాని ముందు కాలు ఆగింది, గొంతు దానంతటది సవరించుకోబోయింది. ఆపుకున్నాడు. దగ్గకుండా గడప దాటి, నడవ దాటి, వంటింటి వసారాలోకి వెళ్ళాడు. వదిన అచ్చియ్యమ్మ పొయ్యి దగ్గర నుంచి తలెత్తి చూసింది. చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"ఆకలేస్తంది వదినా" అన్నాడు. గోడకి ఆనించిన కంచం తనే తీసుకున్నాడు. కుండలో అన్నం తనే పెట్టుకున్నాడు. ఆమె కూర గిన్నె చూపించింది. పీట వాల్చుకుని తినడం మొదలెట్టాడు. నాలుగు ముద్దలు తినేసరికి గణపతిరావు పొలం నుంచి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద, తల మీద గోనెసంచి. వసారాలో అన్నం తింటున్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. జుట్టు మొత్తం నెరిసిపోయింది. పన్నెండేళ్ళ కిందట మంగలి కత్తి కింద వంచిన తల అది.

"ఎప్పుడొచ్చేవు?" అన్నాడు.

"ఇప్పుడే. నీ దగ్గర ఆకు మిగులుతాదా అన్నా?"

"మిగులుతాది. ఎంత కావాలి?"

"మడి మొత్తానికి."

"మడి మొత్తానికా?" గణపతిరావు రైతు కదా, ముందు ఆ కంగారే వచ్చింది. "నువ్వు పోసుకోలేదేటిరా? నీ ఆకుమడికేటయ్యింది?"

సత్యారావు చేతిలోని ముద్ద కంచంలో పెట్టి, తలెత్తి అన్న ముఖంలోకి చూశాడు.

"అయ్య వచ్చి తినేసేడన్నా" అన్నాడు.

గణపతిరావు గోనెసంచి తీసి కింద పెట్టాడు. బురద కాళ్ళతోనే లోపలికొచ్చి, తమ్ముడి పక్కన నేల మీద కూర్చున్నాడు.